ఓస్లోకు ఒక్క రోజు చాలదు: జూన్‌లో కుటుంబంతో వచ్చేవారికి నా సలహా

జూన్ రెండో వారంలో మీరు, మీ శ్రీమతి, ఎనిమిదేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల మామగారు కలిసి నార్వే వస్తున్నామని రాశారు. ఓస్లోలో కట్టడాలు తప్ప చూడదగ్గవేమీ లేవని ఎవరో చెప్పారన్నారు. ఒక్క రోజు ఉండి మర్నాడు పొద్దున్నే పడమటి తీరంలోని బెర్గెన్ నగరానికి రైలు ఎక్కేయడం మంచిదా, మామగారి మోకాళ్లు సహకరిస్తాయా, శాకాహారులకు ఇబ్బంది ఉంటుందా అన్నవి మీ ప్రశ్నలు. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. మా అమ్మానాన్నలు తెనాలి నుంచి రెండుసార్లు వచ్చి వెళ్లారు. ఏటా వేసవిలో చుట్టాలో స్నేహితులో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వాళ్లందరినీ తిప్పిన అనుభవంతో చెబుతున్నాను: ఒక్క రోజుతో సరిపెట్టకండి. నాలుగు రోజులు ఇవ్వండి.

ఒక్క రోజు చాలనేవాళ్లు ఏం చూసి ఉంటారో ఊహించగలను. రైల్వే స్టేషన్ నుంచి రాజభవనం దాకా సాగే కార్ల్ యోహాన్ వీధిలో నడిచి, దుకాణాలు చూసి, కాఫీ ధరకు నిట్టూర్చి వెళ్లిపోయి ఉంటారు. అలా చూస్తే ఓస్లో చిన్న ఊరు, ఖరీదైన ఊరు, అంతే. కానీ ఈ నగర సరిహద్దు లోపలి నేలలో దాదాపు మూడింట రెండు వంతులు అడవి, చెరువులే. ముందు సముద్రపు పాయ, వెనుక అడవి, మధ్యలో సన్నటి పట్టీలా ఊరు. కొండల నడుమకు చొచ్చుకొచ్చిన ఆ పాయనే ఇక్కడ ఫ్యోర్డ్ అంటారు. దాని కోసం బెర్గెన్ దాకా వెళ్లనక్కరలేదు, స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. బెర్గెన్ వైపు ఫ్యోర్డులు ఇంతకంటే ఎన్నో రెట్లు గంభీరమైనవన్నది నిజమే. వాటిని తప్పక చూడండి, కానీ దీన్ని చూశాక.

ఒక సంగతి ముందే తెలుసుకుంటే ఊరు తేలికగా అర్థమవుతుంది. నార్వేలో సాగులో లేని నేల ఎవరిదైనా సరే, దాని మీద నడిచే హక్కు, కూర్చునే హక్కు, అడవి పళ్లు ఏరుకునే హక్కు అందరికీ ఉంది. తరతరాల ఆచారమది, 1957లో చట్టంగా రాసుకున్నారు. ఈ ఊళ్లో గత ఇరవై ఏళ్లలో లేచిన గొప్ప కట్టడాలన్నీ ఆ హక్కును అడవిలోంచి నగరంలోకి తెచ్చినట్టు నాకు కనిపిస్తాయి. అందుకే కట్టడాలు వేరు, ప్రకృతి వేరు అని విడదీసి ప్రణాళిక వేసుకోవద్దు.

మొదటి సాయంత్రం నేరుగా ఒపేరా హౌస్‌కు, అంటే సంగీత నాటకశాలకు వెళ్లండి. టికెట్ అక్కర్లేదు, వేళలతో పని లేదు. 2008 ఏప్రిల్‌లో తెరిచిన ఈ కట్టడాన్ని స్నోహెట్టా అనే ఓస్లో సంస్థే రూపొందించింది. అలెగ్జాండ్రియాలోని కొత్త గ్రంథాలయం కూడా వాళ్లదే. దీని తెల్లని పాలరాతి పైకప్పు నీళ్లలోంచి మొదలై, ఏటవాలుగా పైకి పాకి, ఆకాశం దాకా తీసుకెళుతుంది. ఇటలీలోని కరారా నుంచి తెచ్చిన రాయి అది. దగ్గరగా చూడండి. అన్ని పలకలూ ఒకేలా ఉండవు. కొన్ని నున్నగా, కొన్ని గరుకుగా, అక్కడక్కడా అంగుళం రెండంగుళాల ఎత్తున అంచులు లేచి ఉంటాయి. ఎక్కేటప్పుడు కళ్లు కిందే ఉంచాలి, చుట్టూ చూడాలనిపిస్తే ఆగి చూడాలి. మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు కప్పు మొదట్లోనే చెప్పులు విప్పి పక్కన పెట్టేసింది. గుడి కాదమ్మా అన్నాను. "తెల్లరాయి, మెట్లలా ఉంది, కాళ్లకు తోచింది" అంది. మన ఊళ్లలో మే నెల మధ్యాహ్నం గుడి ప్రాకారంలో రాళ్ల మీద పరుగెత్తాలి కదా. ఇక్కడ జూన్ ఎండలో కూడా ఆ రాయి చల్లగానే ఉంది. కాసేపు వట్టికాళ్లతో తిరిగి, చివరికి నీళ్ల అంచున కూర్చుంది. అది చూసినప్పటి నుంచి నేనూ వేసవిలో అక్కడ చెప్పులు విప్పే నడుస్తున్నాను.

మామగారు పైదాకా ఎక్కనక్కర్లేదు. సగంలో కూర్చున్నా ఫ్యోర్డ్ అంతా కనిపిస్తుంది. వాన పడితే మాత్రం ఆ రాయి బాగా జారుతుంది. శీతాకాలంలో మంచు గడ్డకట్టినప్పుడు నేనే ఎక్కను. ముందు నీళ్లలో గాజు, ఉక్కుతో చేసిన పెద్ద మంచుగడ్డ లాంటిది తేలుతూ ఉంటుంది. మోనికా బోన్విచీని శిల్పమది, ఆటుపోట్లకూ గాలికీ తిరుగుతుంది. పాపను ఇప్పుడొకసారి, గంట తర్వాత ఒకసారి చూడమనండి. లోపలికి కూడా వెళ్లండి. ఓక్ చెక్కతో అలలా ఒంపు తిరిగిన గోడ ఉంటుంది, చేత్తో తడిమి చూడవచ్చు.

ఈ ప్రాంతం పేరు బ్యోర్వికా. ఒకప్పుడు ఇక్కడ కంటైనర్ల రేవు ఉండేది. ఊరికీ నీటికీ అడ్డంగా పెద్ద రహదారి పోయేది. ఆ రహదారిని 2010లో ఫ్యోర్డ్ అడుగున సొరంగంలోకి దింపేశారు. అప్పటిదాకా మనుషులకు అందని ఒడ్డు నడకదారి అయింది. వెనుక వరుసగా నిలబడిన సన్నటి ఎత్తైన భవనాలను బార్‌కోడ్ అంటారు. వాటి మీద అప్పట్లో ఊళ్లో పెద్ద వివాదమే నడిచింది. నీళ్ల వైపు నుంచి చూస్తే అందంగానే ఉంటాయి, పాత ఊరి వైపు నుంచి చూస్తే గోడ కట్టినట్టుంటుంది. నా మనసు ఇప్పటికీ వాటితో రాజీ పడలేదు.

రెండో రోజు పొద్దున డైక్‌మన్ గ్రంథాలయంతో మొదలుపెట్టండి. ఒపేరాకు ఎదురుగానే ఉంటుంది. 2020లో తెరిచిన నగర ప్రధాన గ్రంథాలయం ఇది, మరుసటి ఏడాదే ప్రపంచంలోని ఉత్తమ ప్రజా గ్రంథాలయంగా అంతర్జాతీయ పురస్కారం అందుకుంది. ప్రవేశం ఉచితం, లిఫ్టులున్నాయి, మామగారికి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, పాపకు పిల్లల అంతస్తు ఉంది. అన్నిటికంటే ముఖ్యం, పై అంతస్తులో ఉన్న నిశ్శబ్ద గది. కేటీ పాటర్సన్ అనే స్కాట్లాండ్ కళాకారిణి 2014లో ఓస్లో అడవిలో వెయ్యి స్ప్రూస్ మొక్కలు నాటించారు. ఏటా ఒక రచయిత ఒక రాతప్రతి ఇస్తారు, దాన్ని ఎవరూ చదవరు. 2114లో ఆ చెట్లను కొట్టి కాగితం చేసి, అప్పుడు ఆ నూరు రచనలనూ అచ్చువేస్తారు. తొలి ప్రతి ఇచ్చింది కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్. ఆ ప్రతులు ఈ గదిలో గాజు సొరుగుల్లో ఉంటాయి. కొత్త మొక్కలకు చోటు చేయడానికి కొట్టిన పాత చెట్ల కలపతోనే గది గోడలు చేశారు. లోపలికి చెప్పులు విప్పి వెళ్లాలి. పచ్చి కలప వాసన ఇంకా ఉంటుంది. పాపకు వయసు లెక్క వేసి చెప్పండి: ఆ పుస్తకాలు వచ్చేసరికి తన మనవలు కూడా పెద్దవాళ్లయి ఉంటారు.

పక్కనే ముంక్ మ్యూజియం. పదమూడు అంతస్తుల భవనం, పై భాగం ఒపేరా వైపు తల వంచినట్టుంటుంది. 2021 అక్టోబర్‌లో తెరిచారు, గీసింది మాడ్రిడ్‌కు చెందిన హువాన్ హెర్రెరోస్ బృందం. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ 1944లో చనిపోతూ తన దగ్గర మిగిలిన చిత్రాలన్నీ ఈ ఊరికే రాసిచ్చాడు, 25,000కు పైగా కళాకృతులు. అందరూ వెతికేది 'కేక' (ఇంగ్లీషులో 'ది స్క్రీమ్') చిత్రాన్నే. దానికి ఒక్క మూలం లేదు, చాలాసార్లు వేశాడు. ఈ మ్యూజియంలో మూడు రూపాలున్నాయి. వెలుతురుకు పాడవుతాయని ఒకదాన్ని చూపుతున్నంతసేపు మిగతా రెండిటినీ మూసి ఉంచి, వేళ ప్రకారం మారుస్తారు. 1893 నాటి రంగుల చిత్రం ఇక్కడ లేదు, నేషనల్ మ్యూజియంలో ఉంది. రెండు చోట్లకూ వెళ్లలేమనుకుంటే నేషనల్ మ్యూజియాన్ని ఎంచుకోండి. 2022 జూన్‌లో తెరిచిన కొత్త భవనం, నార్డిక్ దేశాల్లో ఇంత పెద్ద కళా మ్యూజియం మరొకటి లేదు. అక్కడి 'కేక' ముందు జనం తగ్గేదాకా ఆగి, పై ఎడమ మూలకు దగ్గరగా చూడండి. ఎర్రటి ఆకాశంలో పెన్సిలుతో సన్నగా ఒక వాక్యం ఉంటుంది, పిచ్చివాడు తప్ప ఇలాంటిది వేయలేడని. ఎవరో చూపరి రాసిన రాతేమోనని ఏళ్ల తరబడి అనుమానం ఉండేది. అది ముంక్ చేతిరాతేనని 2021లో మ్యూజియం వాళ్లు పరారుణ కిరణాలతో తీసిన ఫొటోల ద్వారా తేల్చారు. తన చిత్రం మీద జనం వేసిన నిందను తానే దాని మీద రాసుకున్నాడన్నమాట. ఆ అక్షరాలు చూసిన రోజు నేను మరే గదికీ వెళ్లలేకపోయాను.

అక్కడి నుంచి నగర మందిరం నడిచి వెళ్లేంత దూరమే. రెండు ఇటుక బురుజులు, బయటికి మొరటుగా కనిపిస్తాయి, లోపల గోడల నిండా చిత్రాలు. ఏటా డిసెంబర్ 10న నోబెల్ శాంతి బహుమతి ఇచ్చేది ఈ హాల్లోనే. 2014లో కైలాశ్ సత్యార్థి, మలాలా నిలబడింది ఇక్కడే. ప్రవేశం ఉచితం, అరగంట చాలు.

మూడో రోజు అడవికి. మెట్రోని ఇక్కడ టీ-బానే అంటారు. ఐదో నంబరు ఎక్కి చివరి స్టేషన్ సోంగ్స్‌వాన్‌లో దిగండి. నగరం నడిబొడ్డు నుంచి ఇరవై నిమిషాలు. దిగి కొద్దిగా నడిస్తే చెరువు, దాని చుట్టూ చదునైన మట్టిబాట, మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు. మామగారికి ఇంతకంటే హాయైన నడక ఈ ఊళ్లో లేదు. అలసిపోతే ఎక్కడైనా కూర్చోవచ్చు. పిల్లలు దిగగలిగేంత లోతులేని చోట్లున్నాయి, పాపకు ఈత దుస్తులు, తువ్వాలు తీసుకెళ్లండి. జూన్‌లో నీళ్లు చల్లగా ఉంటాయి, ఇక్కడి పిల్లలు లెక్కచేయరు, మీ పాప కూడా వాళ్లను చూసి దిగుతుంది. ఇంకా లోపలికి నడవాలనిపిస్తే చెట్ల కాండాల మీద నీలిరంగు గుర్తులు చూసుకుంటూ పోండి, అవి వేసవి నడకదారులు. ఎరుపు గుర్తులు శీతాకాలంలో మంచు మీద జారే స్కీ దారులవి, వేసవిలో బురదలోకి తీసుకెళ్లవచ్చు. తినుబండారాలు ఇంటి నుంచే కట్టుకెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అడవిలో మంట పెట్టడం నిషేధం.

కొండ ఎక్కి చూడాలంటే ఒకటో నంబరు టీ-బానే. హోల్మెన్‌కొలెన్‌లో దిగితే 2010లో కట్టిన, స్కీల మీద గాల్లోకి దూకే గోపురం, ఇంకా పైకి పోయి ఫ్రోగ్నర్‌సెటెరెన్‌లో దిగితే పాత చెక్క హోటలు, కింద ఊరంతా, దాని వెనక ఫ్యోర్డ్ కనిపిస్తాయి. ఆ వెయ్యి మొక్కలు నాటిన చోటు ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరమే. గది చూసిన మర్నాడే చెట్లను కూడా చూడగలిగితే చాలా బాగుంటుంది. మొక్కలు ఇప్పుడు చెట్లవుతున్నాయి.

నాలుగో రోజు పొద్దున ఫ్రోగ్నర్ పార్కులో గుస్టావ్ విగెలాండ్ శిల్పాలు చూడండి. ఎప్పుడూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. రెండు వందలకు పైగా శిల్పాలు, అన్నీ ఒక్క మనిషి చేసినవి. 1921లో నగరం ఆయనకు ఇల్లు, పనిచోటు కట్టివ్వడానికి ఒప్పుకుంది, ఆయన తన పనంతా నగరానికి ఇస్తానన్నాడు. మధ్యలో ఒకే గ్రానైటు రాతిలో చెక్కిన స్తంభం, దాదాపు 14 మీటర్లు, 121 మానవ రూపాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని పైకి పాకుతుంటాయి. ముగ్గురు శిల్పులు 14 ఏళ్లు చెక్కారు. వంతెన మీద కోపంగా కాలు నేలకేసి కొడుతున్న బుడతడి కంచు బొమ్మ ఉంది. జనం ముట్టుకుని ముట్టుకుని వాడి చేయి బంగారంలా మెరుస్తుంటుంది. మీరు ముట్టుకోకండి, లోహం అరిగిపోతోంది. పొద్దున ఎనిమిదికల్లా వెళితే పర్యాటకుల బస్సులు రాకముందే ప్రశాంతంగా చూడవచ్చు. శిల్పాల్లో ముసలివాళ్లు చాలామంది ఉన్నారు. వాటి దగ్గర మా నాన్నగారు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు.

అదే రోజు మధ్యాహ్నం నగర మందిరం దగ్గరి రేవు నుంచి లాంచీ ఎక్కి హోవెడోయా దీవికి వెళ్లండి. పది నిమిషాలలోపే చేరుస్తుంది. ట్రామ్‌కు కొన్న టికెట్టే లాంచీకీ చెల్లుతుంది, వేరే టికెట్ కొనమని ఎవరైనా అంటే అది విహారనౌక. ఈ దీవిలో 1147లో ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసులు కట్టిన మఠం శిథిలాలు ఉన్నాయి. గడ్డిలో, పూలమధ్య మోకాలెత్తు గోడలు. చాపలు పరచుకుని ఊరివాళ్లు సాయంత్రం దాకా ఉంటారు.

ఊరి పడమటి వైపు బిగ్డోయ్ ద్వీపకల్పంలోని వైకింగ్ ఓడల మ్యూజియం గురించి కూడా అడుగుతారేమో. దాన్ని 2022లో మూశారు. విస్తరించి కొత్త పేరుతో 2027లో తెరవాలన్నది ప్రణాళిక. పాత వ్యాసాలు చదివి వెళ్లి చాలామంది వెనక్కి వస్తున్నారు. ఆ దగ్గర్లోనే ధ్రువయాత్రల ఓడ ఫ్రామ్ ఉంది, పాప లోపలికి దిగి తిరగవచ్చు. జానపద మ్యూజియంలో క్రీ.శ. 1200 ప్రాంతంలో కట్టిన చెక్క చర్చి ఉంది. వాన పడిన రోజుకు ఇవి అట్టిపెట్టుకోండి.

ఇక డబ్బు, భోజనం. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చేటప్పుడు బోర్డుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కకండి. అదే స్టేషన్ నుంచి మామూలు రైళ్లు కూడా వస్తాయి, టికెట్ దాదాపు సగం, తేడా కొద్ది నిమిషాలే. ఊళ్లో తిరగడానికి ఇక్కడి రవాణా సంస్థ రూటర్ వారి యాప్‌లో టికెట్లు తీసుకోండి. మ్యూజియాలకూ ఊళ్లో ప్రయాణానికీ కలిపి అమ్మే ఓస్లో పాస్ రోజుకు రెండు మ్యూజియాలకు తక్కువ చూసేవారికి గిట్టదు, పైగా అది విమానాశ్రయం రైలుకు చెల్లదు. నేను చెప్పినవాటిలో సగానికి పైగా ఉచితమే కాబట్టి మీకు అక్కర్లేదు. కొళాయి నీళ్లు తాగండి, సీసా నీళ్లు కొనడం దండగ.

హోటల్ గది బదులు వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. శాకాహారులకు ఈ ఊళ్లో హోటల్ తిండి దొరుకుతుంది కానీ నలుగురికి మూడు పూటలా కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. స్టేషన్ వెనుక గ్రొన్‌లాండ్ వీధుల్లో పాకిస్తాన్, భారత మూలాలున్నవారి దుకాణాలున్నాయి. కరివేపాకు, పచ్చిమిర్చి, కందిపప్పు, బియ్యం అన్నీ దొరుకుతాయి. ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు, శనివారమే తెచ్చుకోండి. సోమవారం కొన్ని మ్యూజియాలకు సెలవు, ఆ రోజు అడవికి వెళ్లండి. గోధుమరంగు జున్ను ఒకటి అమ్ముతారు, బ్రూనోస్ట్ అంటారు. పాలవిరుగుడు నీళ్లను మరిగించి మరిగించి చేస్తారు. కాస్త మాడిన కోవా రుచి ఉంటుంది. వేడి వాఫెల్ మీద పలచగా కోసి పెట్టుకుంటే పాపకు నచ్చుతుంది.

జూన్‌లో సూర్యుడు పొద్దున నాలుగు కాకముందే వచ్చి రాత్రి పదిన్నర దాటాక పోతాడు. పాపకు కళ్లకు కట్టుకునే గంతలు తెచ్చుకోండి, లేకపోతే నిద్రపోదు. పగలు ఇరవై డిగ్రీలున్నా సాయంత్రం గాలికి చలి వేస్తుంది, మామగారికి స్వెటరు, వానకోటు తప్పనిసరి. కొత్త బూట్లయితే ఇప్పటి నుంచే రోజూ వేసుకుని నడవమనండి.

చివరి సాయంత్రం ఒక్క పని చేయండి. ఓస్లో తాగునీటిలో ఎక్కువ భాగం మరిడాల్స్ చెరువు నుంచి వస్తుంది. అదే చెరువు నుంచి ఆకర్‌సెల్వా అనే నది మొదలై, దాదాపు 8 కిలోమీటర్లు, 150 మీటర్లు కిందికి దిగి, పాత నేత మిల్లుల మధ్యగా ఊరంతా దాటి ఫ్యోర్డ్‌లో కలుస్తుంది. మామగారిని, పాపను ఇంట్లో ఉంచి మీరిద్దరూ ఆ నది వెంట పైనుంచి కిందికి నడవండి, అంతా దిగుడే, రెండున్నర గంటలు పడుతుంది. దారిలో జలపాతాలు, బాతులు, గట్టున పుస్తకం చదువుకునేవాళ్లు కనిపిస్తారు. చివర్లో కొంత దూరం నది భూమిలోకి పోతుంది, దారి తప్పామనుకోకండి, ఫ్యోర్డ్ వైపే నడవండి. మళ్లీ బయటపడేది ఒపేరా పక్కనే. రాత్రి పది అయినా వెలుతురు ఉంటుంది, కప్పు మీద జనం ఉంటారు.